కురచ పలుపు

అనసూర్య కుదురుగా కూర్చుని ఉండగా చూసినవాళ్లు మా గోదావరిఖనిలో చాలా తక్కువ. పెళ్లి భోజనంలో కూడా పెరుగన్నం దాకా ఆగదు, సగంలోనే లేచి ఎవరికో నీళ్లు పోస్తుంటుంది. పెద్దపల్లి బస్సులో సీటు దొరికినా, దిగాల్సిన చోటు ఇంకా దూరం ఉండగానే లేచి డోరు దగ్గర నిలబడుతుంది. "నీ అరికాళ్లల్ల చక్రాలున్నయే" అని భర్త నర్సింగం పెళ్లయిన నాటి నుంచి అంటూనే ఉన్నాడు. దానికి జవాబు చెప్పడానికి ఆమె ఆగితే కదా!

ఆమెను అనడానికీ లేదు. తండ్రి బెల్లంపల్లిలో బొగ్గుబాయి పనివాడు, మొగుడు ఇక్కడి బొగ్గుబాయి పనివాడు. మూడు షిఫ్టుల ఇంట్లో పుట్టి, మూడు షిఫ్టుల ఇంటికే కోడలైన మనిషికి కుదురు ఎక్కడి నుంచి వస్తుంది? ఒకరు తినే వేళకు ఒకరు పడుకోవాలి, ఒకరు పడుకున్న వేళకు ఒకరికి నీళ్లు కాగాలి. డ్యూటీకి పోయినవాడు ఇంటికి తిరిగొచ్చే దాకా కాలు ఒకచోట నిలవదు. నర్సింగం రిటైరై ఇంటిపట్టునే ఉంటున్నా ఆ కాలికి ఆ సంగతి ఇంకా తెలియలేదు.

తెలియకపోవడమే మంచిదైంది, బర్రెలు బతికాయి. ఆమెకు మూడు బర్రెలు. పెద్దది గంగ, గంగ బిడ్డ రాజి, మూడోది బొల్లి. నుదుటి మీద తెల్లమచ్చ ఉంది కాబట్టి బొల్లి. మనిషి అరచేయంత మచ్చ. తల్లి చచ్చిన దుడ్డెను ఎవరో వదిలించుకుంటుంటే తెచ్చి, సీసాతో పాలు పట్టి పెంచింది. అందుకే అది ఆమె కొంగు వదలదు, తన నీడకు తానే బెదురుతుంది. కడుపుతో ఉంది, ఇంకో నెలలో ఈనుతుంది. అనసూర్య రోజూ దాని డొక్క మీద చెయ్యి పెట్టి లోపల దూడ తన్నిందా లేదా చూసుకుని గానీ పాలక్యాను ఎత్తదు.

ఇల్లు ఊరి చివర, కంపెనీ క్వార్టర్లకు పోయే రోడ్డు పక్కన ఉంటుంది. వెనుక ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలోంచి తవ్విపోసిన మట్టికుప్పలు, గుట్టలంత ఎత్తు. ఓపెన్‌కాస్టులో మధ్యాహ్నం దాటాక రాతికి మందు పెట్టి పేలుస్తారు. పేల్చేముందు సైరన్ కూస్తుంది. ఆ కూతకు ఒక్కో ఇంట్లో ఒక్కో అలవాటు. ఒక ఇల్లాలు గూట్లో అంచున ఉన్న గ్లాసులను లోపలికి జరుపుతుంది. టీకొట్టు సదయ్య పాలగిన్నె మీద మూత పెడతాడు. సమ్మవ్వ అనే ముసలామె అరుగు దిగి వాకిట్లో నిలబడుతుంది, ఇంటి గోడల మీద ఆమెకు నమ్మకం లేదు. అనసూర్య చేతిలో ఏమున్నా అక్కడే వదిలేసి కొట్టంలోకి ఉరుకుతుంది.

మామూలుగా ఆమె బర్రెల మెడల పలుపుతాళ్లు పొడుగ్గానే ఉంటాయి. పడుకోవచ్చు, లేవవచ్చు, మెడ తిప్పి వీపు నాక్కోవచ్చు. సైరన్ కూయగానే మాత్రం ఒక్కో పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పి, మూతి గుంజకు ఆనేంత కురచగా కడుతుంది. బొల్లికైతే కళ్ల మీద గోనెపట్టా కూడా కప్పుతుంది. కట్టి, మూడింటి మధ్యా నిలబడి వీపులు చరుస్తూ "ఏం గాదు బిడ్డా, ఏం గాదు" అంటుంది. భూమి కదులుతుంది, కొట్టం రేకులు గలగలమంటాయి, బర్రెలు వణుకుతాయి. అంతే. దుమ్ము సర్దుకున్నాక పలుపులు మళ్లీ వదులు చేస్తుంది.

ఈ పద్ధతి నర్సింగం నేర్పినది. పేలుళ్లు మొదలైన కొత్తలో గంగ బెదిరి వెనక్కి ఉరికి, పొడుగు పలుపు తెంపుకుని, బండల మీద జారి మోకాళ్లు చీల్చుకుంది. అప్పుడు అతను అన్నాడు: "బాయిల మందు కాల్చేటప్పుడు మేం ఏం జేస్తుంటిమి? బొగ్గుగోడ చాటుకు పోయి, ఒకని భుజం ఒకడు పట్టుకొని కూసుంటుంటిమి. ఉరికినోడే దెబ్బ తాకిచ్చుకుంటడు. భయానికి జాగ ఇయ్యొద్దు అనసూర్యా. దగ్గరికి పట్టుకుంటె అదే ఆగుతది." బాయిలో మనుషులను కాపాడిన కిటుకు కొట్టంలో బర్రెలకూ పనికొచ్చింది. ఆ వాడలో బర్రెలున్న ఇళ్లన్నీ ఇప్పుడు సైరన్‌కు ఇలాగే కడతాయి.

యమున ఈ వాడ మనిషి కాదు. క్వార్టర్లలో ఉంటుంది, భర్త ఆఫీసు ఉద్యోగి, ఈ మధ్యనే బదిలీ మీద వచ్చారు. చెడ్డ మనిషి అంటే నోరు పడిపోతుంది. వీధికుక్కలకు గేటు బయట గిన్నెలో నీళ్లు పెడుతుంది. ఆమె చంటిపిల్ల సహస్ర తాగేది అనసూర్య పోసే పాలే. ఒక మధ్యాహ్నం యమున స్కూటీ మీద పోతూ కొట్టం వైపు చూసింది. సైరన్ అప్పుడే ఆగింది. ఆమె చెవులకు అది లారీ హారన్‌తో సమానం. కొట్టంలో మూడు బర్రెలు మూతులు గుంజలకు ఆనించి, తలలు వంచి ఉన్నాయి. ఒకదాని కళ్లకు గంతలు. మధ్యలో పాలు పోసే అనసూర్య చెయ్యి పైకి లేపి ఉంది. యమున ఫోను తీసింది. స్కూటీ ఆపీ ఆపకుండానే ఫోటో తీసి, అక్కడి నుంచి వెళ్లిపోయింది.

ఫోటోలో సైరన్ వినపడదు. ఫోటోలో భూమి కదలదు. లేచిన చెయ్యి కొట్టడానికి దిగుతుందా, నిమరడానికి దిగుతుందా అన్నది ఫోటోకు పట్టదు. యమున దాన్ని క్వార్టర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి కింద రాసింది: "మన పిల్లలు తాగే పాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. ఈ మూగజీవాల ఉసురు మనకొద్దు."

పొద్దుగూకేసరికి ఆ ఫోటో బసంత్‌నగర్ దాటింది, పెద్దపల్లి చేరింది. పోయినకొద్దీ దానికి మాటలు మొలిచాయి. ఒక గ్రూపులో 'ఇంజెక్షన్లు' చేరాయి, ఇంకో గ్రూపులో 'తిండి పెట్టకుండా' చేరింది. ఎవరో మహానుభావుడు అది ఏదో కబేళా అని కూడా రాశాడు. నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు పెద్దమనుషులు. బొగ్గు ఊళ్లో ఉంటూ ఆ మాట ఎలా అంటారో నాకైతే అర్థం కాదు. ఇక్కడ కుప్పపోసిన బొగ్గు ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే పొగలేస్తుంది. నీళ్లు కొట్టి ఆర్పడమే మన వంతు.

మరునాడు అనసూర్య క్యాను పట్టుకుని పోతే ఒక్కో గేటు దగ్గర ఒక్కో మాట. ఊరికి పోతున్నామని ఒకరు, డాక్టరు పాలు వద్దన్నాడని ఒకరు. ఒకామె అయితే కిటికీలోంచే చెయ్యి ఊపింది. ఉన్న మాట చెప్పింది ఎల్లన్న అనే వాచ్‌మన్ ఒక్కడే. ఫోను తీసి ఫోటో చూపించాడు. అనసూర్య తనను తాను చాలాసేపు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక నేరుగా యమున ఇంటికి నడిచింది.

"సైరన్‌కు కట్టేసిన యమునమ్మా. పేలితె బెదురుతయని. కొట్టలేదు, వీపు మీద సరుస్తున్న" అంది గేటు బయట నిలబడి.

"నా కండ్లతోని నేను చూసిన కదక్కా" అంది యమున. "కండ్లకు గంతలు గట్టి, మెడ తిరుగకుండ కట్టేస్తె అది ప్రేమనా? మా పాపకు అవే పాలు తాపిన. నాకు రాత్రి నిద్ర పట్టలేదు."

"పేలేటప్పుడు ఒక్కసారి వచ్చి సూడుండ్రి."

"ఇంకోసారి గది చూసే ధైర్యం నాకు లేదక్కా" అని యమున తలుపు వేసుకుంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. జాలిపడే మనిషిని కోపంతో గెలవలేం. అనసూర్య వెనక్కి వచ్చేసింది.

క్వార్టర్ల వాళ్లు కొత్తగా పాలు తెప్పించుకున్నది బసంత్‌నగర్ రోడ్డులోని ఒక డెయిరీ నుంచి. దాని బోర్డు మీద పచ్చిక మైదానం, మంచుకొండలు, మెడలో గంటతో ఒక ఆవు ఉంటాయి. ఆ ఆవు ఏ దేశానిదో గానీ బసంత్‌నగర్‌ది మాత్రం కాదు. బోర్డు వెనుక చీకటి షెడ్డులో బర్రెలు గొలుసు మీదే పుట్టి గొలుసు మీదే ముసలివవుతాయి, ఎండ మొహం ఎరగవు. దాన్ని ఎవరూ ఫోటో తీయలేదు. తీయాలంటే లోపలికి పోవాలి కదా, బోర్డు అయితే రోడ్డు మీదే ఉంటుంది!

అనసూర్య ఇంట్లో పాలు మిగిలిపోయాయి. మిగిలిన పాలు తోడుపెట్టింది, చిలికింది, నెయ్యి కాచింది. అయినా చేతులకు పని చాలలేదు. కడిగిన కొట్టమే మళ్లీ కడిగింది. రోడ్డు మీద స్కూటీ చప్పుడైతే చాలు, గుంజ దగ్గర నుంచి దూరం జరిగి చేతులు కిందికి పెట్టుకుని నిలబడేది. అంతలో పెద్దపల్లి నుంచి ఒక ఫోను వచ్చింది. ఏదో జంతుప్రేమికుల సంఘమట. బర్రెలను హింసిస్తే కేసు పెట్టి, వాటిని తీసుకుపోయి వేరే చోట ఉంచుతామన్నారు. ఆమె ఫోను పెట్టేసి బొల్లి దగ్గరకు పోయింది. నిండు చూలుతో ఉన్నదాన్ని లారీ ఎక్కిస్తారా? ఎక్కిస్తే దారిలోనే ఈనదా? ఈ రెండు ప్రశ్నలతో ఆ రోజంతా ఇంటికీ కొట్టానికీ మధ్య తిరిగింది.

"కూసో. జర సేపు కూసో" అన్నాడు నర్సింగం.

"ఎట్ల కూసుంటనయ్యా? నా చెయ్యి సూసి కసాయి చెయ్యి అంటున్నరు!"

అప్పుడు వచ్చాడు వేణుమాధవ్. నర్సింగం అక్క కొడుకు, చౌరస్తాలో ఫోటో స్టూడియో నడుపుతాడు. పెళ్లిళ్ల ఫోటోల్లో అతని చెయ్యి తిరిగింది. కోపంగా ఉన్న వియ్యంకులను కూడా నవ్వుతున్నట్టు చూపించగలడు. "గింతదానికి ఫికరెందుకత్తా? ఫోటోతోని పోయిన పేరు ఫోటోతోనే వస్తది" అన్నాడు. "బొల్లిని మంచిగ కడిగి, కొమ్ములకు నూనె రాసి, పచ్చగడ్డిల నిలబెడుదం. నువ్వు పక్కన నవ్వుకుంట నిలబడు. తాడు గీడు కనపడొద్దు. గ్రూపుల నేనే పెడుత. సంఘపోళ్లు గూడ నోరు మూసుకుంటరు."

"పొద్దుగాల తియ్యి" అన్నాడు నర్సింగం.

"పొద్దుగాల కుప్పల నీడ పడుతది మామా. ఎండ వాలినంకనే వెలుతురు మంచిగుంటది. గప్పుడైతె బర్రె నిగనిగ మెరుస్తది."

"గది పేల్చే టైమురా."

"సైరన్ కంటె ముందుగాలనే అయిపోతది, జల్ది తీస్త" అన్నాడు వేణుమాధవ్. పెళ్లి ఫోటోలవాడు జల్ది అంటే ఎంతసేపో, ముహూర్తం దాటిన పురోహితులను అడిగితే చెబుతారు.

మరునాడు మధ్యాహ్నం బొల్లిని కడిగి, కుప్పల కింద చెట్లు నాటిన చోటికి తోలుకుపోయారు. అక్కడ వానాకాలపు గడ్డి పచ్చగా ఉంది. పక్కనే కుప్పల మీది వాననీళ్లు పోవడానికి తవ్విన లోతైన కాలువ. పలుపు విప్పి కొట్టంలోనే పెట్టి వచ్చారు, ఫోటోలో పొరపాటున కూడా పడకూడదని. అనసూర్య కొత్త చీర కట్టుకుంది. వేణుమాధవ్ ఇటు జరుగు అన్నాడు, అటు జరుగు అన్నాడు, కొంగు సర్దుకో అన్నాడు. బొల్లి మాత్రం గడ్డిలోంచి తల ఎత్తలేదు. తల ఎత్తితే గానీ నుదుటి మచ్చ కనపడదు. అతను చిటికెలు వేశాడు, ఈల వేశాడు. వెలుతురు కుదిరింది గానీ బర్రె కుదరలేదు.

సైరన్ కూసింది.

అనసూర్య కాళ్లు వాటంతటవే కొట్టం వైపు తిరిగాయి. "తాడు తెస్త" అంది.

"ఆగత్తా, కదలకు! తల ఎత్తింది సూడు. గట్లనే, గట్లనే ఉండనీ!" అన్నాడు వేణుమాధవ్. "ఇంక టైమున్నది. ఒక్కటే ఫోటో. నవ్వు."

కొట్టంలోంచి నర్సింగం కేక వినిపించింది. "అనసూర్యా! బొల్లిని వట్టుకరా!" అతను గంగనూ రాజినీ కురచగా కట్టే పనిలో ఉన్నాడు.

ఇన్నేళ్లలో సైరన్ కూశాక ఆమె నిలబడిపోయింది అదొక్కసారే. పోయిన పేరు కళ్ల ముందు ఉంది, గేట్లన్నీ మళ్లీ తెరుచుకుంటున్నట్టు ఉంది. బొల్లి వీపు మీద చెయ్యి వేసింది. నవ్వింది. వేణుమాధవ్ ఫోనుతో తీశాడు, తీసి చూసుకుని "అబ్బ!" అన్నాడు. అప్పటికప్పుడే గ్రూపులో పెట్టి, "సూడత్తా, నువ్వే సూడు" అని ఫోను ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె తల వంచి చూసింది. నిజంగానే బాగుంది. ఇక నన్నెవరేమంటారు అనుకుంది.

అప్పుడు భూమి కదిలింది.

ఆమె తల ఎత్తేసరికి బొల్లి పక్కన లేదు. ఎటు పోవాలో తెలియక ఒక చుట్టు తిరిగి, కాలువ వైపు ఉరికింది. నిండు కడుపుతో అంత బరువు ఒక్కసారి అంచున జారింది. పడిన చప్పుడు పేలుడు చప్పుడులో కలిసిపోయింది గానీ, ఆ తర్వాత వచ్చిన అరుపు వాడంతా విన్నది.

వాడ మగవాళ్లంతా తాళ్లు వేసి పైకి లాగారు. పశువుల దవాఖాన డాక్టరు వచ్చి చూసి, నడుము విరిగిందన్నాడు, లోపల దూడ కదలడం లేదన్నాడు. అనసూర్య డొక్క మీద చెయ్యి పెట్టి చాలాసేపు వెతికింది. తన్నలేదు. మరునాడు పొద్దున బొల్లి పోయింది. కుప్పల పక్కనే గుంత తీసి పూడ్చారు. నర్సింగం బొల్లి పలుపును చుట్ట చుట్టి కొట్టం మూలన పెట్టాడు. తిట్టి ఉంటే ఆమెకు కొంచెం నయంగా ఉండేది. వేణుమాధవ్ వాకిట్లోకి వచ్చి ఏడ్చాడు. "నీ తప్పు గాదురా. పలుపు కట్టాల్సింది నేను" అంది ఆమె.

అక్కడ ఫోటో మాత్రం ఊరేగుతోంది. బర్రె చచ్చిన వార్త వాడ దాటలేదు, వార్తకు ఫోటోకున్నన్ని కాళ్లు లేవు. గ్రూపు నిండా దండాలు, పూలు. అసలు పశువు అంటే ఇలా ఉండాలి, ఇలాంటి తల్లినా మనం అనుమానించింది అని ఒకరు. తల ఎత్తి ఎంత రాజసంగా నిలబడిందో అని ఇంకొకరు. పెద్దపల్లి సంఘంవాళ్లు కూడా ఆ ఫోటోను తమ గ్రూపులో పెట్టుకున్నారట. గేట్లు నిజంగానే తెరుచుకున్నాయి. పాలు పొయ్యమని కబుర్లు వచ్చాయి.

కబురు పంపకుండా తానే వచ్చింది యమున, చంకలో సహస్ర, చేతిలో గిన్నె. వాకిట్లో గడప పక్కన అనసూర్య కూర్చుని ఉంది. అవును, కూర్చుని ఉంది. లేవలేదు కూడా.

"అక్కా, నన్ను మాఫ్ చెయ్యి" అంది యమున. "తెలువక పెట్టిన. కొత్త ఫోటో చూసి నాకు ఎంత సిగ్గయిందో! మా అత్తమ్మ, పసిపిల్లకు ఒక్క బర్రె పాలే తాపాలె, నాలుగు బర్రెల పాలు కలిపితె అరగయి అంటది. ఫోటోల ఉన్న ఈ బర్రె ఈనినంక మా పాపకు దీని పాలే పొయ్యక్కా. ఏది, కొట్టంల ఉన్నదా? సహస్రకు చూపిస్త."

అనసూర్య చెయ్యి చాపింది. యమున ఫోను ఇచ్చింది. ఫోటోలో పచ్చగడ్డి, నిగనిగలాడే నల్లని ఒళ్లు, ఎత్తిన తల, తెల్లమచ్చ. పక్కన కొత్త చీర.

"గీ చెవులు సూడు యమునమ్మా. ఎట్ల నిక్కినయో సూసినవా? కండ్లెంత పెద్దగున్నయో సూసినవా?"

"అవునక్కా, గందుకే కద అందరు రాజసం అంటున్నరు."

"సైరన్ మోగినంక తీసిన ఫోటో ఇది. గది రాజసం గాదు, భయం. తాడేది అని సూస్తున్నది. రోజు గీ పాటికి కట్టేస్తది కద, ఇయ్యాల ఇంక కట్టేస్తలేదేంది అని నా దిక్కు సూస్తున్నది."

యమునకు అర్థమైనట్టుంది. గిన్నె కింద పెట్టి, పిల్లను రెండు చేతులతో దగ్గరికి పొదువుకుంది. "ఇప్పుడు... ఎక్కడున్నదక్కా?" అని అడిగింది.

అనసూర్య కుప్పల వైపు చూపించింది. ఫోను తిరిగి ఇవ్వబోయి, ఆగి, వేలితో ఫోటోలోని తన మొహం మీద తట్టింది.

"నన్ను సూడు" అంది. "నవ్వుతున్న."